మొదటి రాత్రి పడక ఎక్కడ? జపాన్ ప్రయాణంలో దిగే విమానాశ్రయం గురించి

విదేశీ విహారయాత్రకు టికెట్లు తీసుకునేటప్పుడు మనలో చాలామంది మొదట చూసేది ధర, ఆ తరువాత చూసేది ఎన్ని చోట్ల విమానం మారాలన్నది. ఏ విమానాశ్రయంలో దిగుతామన్న విషయం ఆ రెండింటి వెనుక దానంతట అదే తేలిపోతుంది. జపాన్‌కు రెండుసార్లు వెళ్లివచ్చాక, మొదటిసారి తెలియక పడిన ఇబ్బందినీ, రెండోసారి ముందుగా ఆలోచించుకున్నందువల్ల దక్కిన సుఖాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఈ వరుసను తిరగేయాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. మొదటి రాత్రి ఎక్కడ పడుకోబోతున్నామో ముందు తేల్చుకోవాలి. రైళ్లు తిరుగుతుండగానే మనల్ని ఆ పడక దగ్గరికి చేర్చగల విమానాశ్రయమేదో, విమానమేదో ఆ తరువాత చూడాలి. ధర సంగతి ఆ పైన.

మా మొదటి ప్రయాణం 2018లో. నేను, మావారు, అప్పటికి నాలుగేళ్లున్న మా అమ్మాయి వెళ్లాం. టోక్యోకు రెండు విమానాశ్రయాలున్నాయనీ, హనేదా నగరం నడిబొడ్డుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంటే నరీతా పక్కనున్న చిబా ప్రాంతంలో 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉందనీ చదివి, దగ్గరిదే మేలని మరో ఆలోచన లేకుండా హనేదాకు టికెట్లు తీసుకున్నాం. విమానం చేరే సమయం రాత్రి 10 గంటల 50 నిమిషాలని టికెట్ మీద స్పష్టంగానే ఉంది. ఆ అంకెను మేమిద్దరమూ చూశాం, కానీ దాని అర్థమేమిటో ఇద్దరిలో ఎవరమూ ఆలోచించలేదు. విమానం తలుపులు తెరిచేసరికి పదకొండు దాటింది. వేలిముద్రలు, ఫొటో, ఇమిగ్రేషన్ దగ్గర వరుస, లగేజీ కోసం నిరీక్షణ, కస్టమ్స్ కాగితం అన్నీ ముగించుకొని బయటి హాలులోకి అడుగుపెట్టేసరికి పన్నెండూ ఇరవై. టోక్యోలో రైళ్లు తెల్లవార్లూ తిరగవు. అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోయి, మళ్లీ ఉదయం ఐదు గంటలకు మొదలవుతాయి. మోనోరైలు గేట్ల దగ్గర దీపాలు సగం ఆర్పేసి ఉన్నాయి. మా అమ్మాయి పెద్ద సూట్‌కేసు మీద కూర్చొని, నా కడుపుకు తల ఆనించి, ఒక చెప్పు జారిపోయినా తెలియనంత గాఢంగా నిద్రపోతోంది.

చివరికి టాక్సీ ఎక్కాం. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు టాక్సీ మీటరు మీద 20 శాతం అదనంగా పడుతుందన్న సంగతి అప్పుడే తెలిసింది. అసాకుసాలోని మా వసతికి చేరేసరికి దాదాపు 10,000 యెన్‌లు, అంటే అప్పటి లెక్కలో ఆరు వేల రూపాయలకు పైగా అయ్యాయి. డబ్బు పోతే పోయింది, అసలు కష్టం ఆ తరువాత వచ్చింది. అది చిన్న వసతిగృహం కావడంతో రాత్రి పన్నెండుకే రిసెప్షన్ మూసేశారు. ఆలస్యంగా వస్తామని ముందుగా చెప్పాల్సింది, మేము చెప్పలేదు. ఫోను ఎత్తి, ఒక పెద్దమనిషి నిద్రకళ్లతో వచ్చి తలుపు తీసేదాకా, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకొని దాదాపు అరగంట మెట్ల మీద కూర్చున్నాం. మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరమూ లేవలేకపోయాం. అయిదు రోజుల ప్రయాణంలో ఒక రోజు అలా జారిపోయింది.

ఇంటికి వచ్చాక, వదులుకున్న టికెట్ల వివరాలను మళ్లీ తీసి చూశాను. ఇంచుమించు అదే ధరకు మధ్యాహ్నం మూడున్నరకు నరీతాలో దిగే విమానం ఒకటి ఉంది. అరవై కిలోమీటర్లన్న మాట చూసి భయపడి దాన్ని పక్కన పెట్టాం. నిజానికి నరీతా నుంచి స్కైలైనర్ రైలు ఎక్కితే టోక్యోలోని ఉఎనోకు ముప్పావుగంటలోపే చేరవచ్చు. అసాకుసాకైతే రైలు మారే పని కూడా లేకుండా నేరుగా వెళ్లే కెయిసెయ్ సంస్థ రైళ్లు ఉన్నాయి, గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. అంటే ఆ దూరపు విమానాశ్రయంలో దిగివుంటే సాయంత్రం ఆరింటికల్లా స్నానాలు చేసి, పిల్లకు అన్నం పెట్టి ఉండేవాళ్లం. కిలోమీటర్లలో దగ్గరగా ఉన్నది గంటల్లో దగ్గర కావాలని లేదన్న మాట ఆ రోజు నుంచీ నా మనసులో నిలిచిపోయింది.

నరీతా అంత దూరంలో ఎందుకుందన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. హనేదా 1931 నాటిది. అది చాలక 1960లలో కొత్త విమానాశ్రయానికి నరీతా దగ్గరి పొలాలను ఎంచుకున్నప్పుడు, అక్కడి రైతులు తమ భూములు ఇవ్వబోమని ఏళ్ల తరబడి పోరాడారు, వారికి విద్యార్థులు తోడయ్యారు. 1978 మార్చి చివర్లో తెరవాల్సి ఉండగా, కొద్ది రోజుల ముందు ఆందోళనకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు ధ్వంసం చేయడంతో ప్రారంభం మే 20 వరకు వాయిదా పడింది. చుట్టూ ఊళ్లున్నందున రాత్రి పొద్దుపోయాక అక్కడ విమానాలు దిగకూడదన్న నియమం నేటికీ ఉంది. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఈ నియమం మేలే చేస్తుంది, ఎందుకంటే నరీతాకు వచ్చే విమానాలలో ఎక్కువ భాగం రైళ్లు తిరిగే వేళలోనే దిగుతాయి. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే హనేదాలో అర్ధరాత్రి, తెల్లవారుజాము విమానాలకు లోటు లేదు. హనేదా మంచిది కాదని నేనడం లేదు. పగటిపూట దిగితే షినగావాకు కేక్యూ రైలులో పావుగంట, హమమత్సుచోకు మోనోరైలులో కూడా దాదాపు అంతే. అంతకన్నా సుఖం లేదు. దిగే గంటను వదిలేసి విమానాశ్రయం పేరును మాత్రమే చూడటం వల్ల మోసపోయాం, అంతే.

2024 నవంబరులో రెండోసారి వెళ్లినప్పుడు మాతో మా అమ్మానాన్నలు కూడా వచ్చారు. నాన్నకు డెబ్బై రెండేళ్లు, నడక బాగానే ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లంటే భయం. క్యోటోలో ఎర్రబడిన మేపుల్ ఆకులు చూడాలన్నది అమ్మ కోరిక, టోక్యో చూడాలన్నది మా అమ్మాయి పట్టు. ఈసారి కాగితం మీద మొదట రాసుకున్నది ఒక్కటే మాట: మొదటి రాత్రి క్యోటో. ఆ ఒక్క మాటతో టోక్యో విమానాశ్రయాలు రెండూ పక్కకు జరిగిపోయాయి, ఒసాకా ఆఖాతంలోని కన్సాయ్ విమానాశ్రయం ముందుకు వచ్చింది.

ఇక్కడ టికెట్లు వెతికే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. రానూపోనూ టికెట్ అనగానే వెళ్లిన చోటి నుంచే తిరిగి రావాలన్న అలవాటు మన తలలో పాతుకుపోయింది. బుకింగ్ సైట్లలో మల్టీ సిటీ అనే మీట ఒకటి ఉంటుంది. అక్కడ హైదరాబాద్ నుంచి ఒసాకాకు, టోక్యో నుంచి హైదరాబాద్‌కు అని విడివిడిగా ఇస్తే, ఒకే సంస్థలో ఒకే టికెట్‌గా వస్తుంది. రెండు వన్‌వే టికెట్లు కొన్నంత భారం చాలాసార్లు పడదు. మాకైతే మామూలు రానూపోనూ ధరకూ దానికీ మనిషికి రెండు వేల రూపాయలకు మించి తేడా రాలేదు. విమానాశ్రయాల సంకేతాలు కూడా కాస్త తెలిసి ఉండాలి. టీవైవో అని ఇస్తే నరీతా, హనేదా రెండింటి విమానాలూ కలిసి వస్తాయి కనుక, జాబితాలో ఎన్ఆర్‌టీ అని ఉందో హెచ్ఎన్‌డీ అని ఉందో ప్రతి వరుసలోనూ చూసుకోవాలి. కన్సాయ్ సంకేతం కేఐఎక్స్.

ఒకచోట దిగి మరోచోట ఎక్కడం వల్ల మిగిలేదేమిటో లెక్క వేసుకోవచ్చు. క్యోటో, టోక్యోల మధ్య నొజోమి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్ ఒక వైపుకు సుమారు 14,000 యెన్‌లు, పిల్లలకు సగం. నలుగురు పెద్దలం, ఒక పిల్ల. టోక్యోలో దిగి టోక్యోలోనే ఎక్కితే అదనంగా పడే ఒక విడత ప్రయాణానికి 63,000 యెన్‌లు, మన డబ్బులో సుమారు 35 వేల రూపాయలు. ఇదివరకు జేఆర్ (జపాన్ రైల్వే) పాస్, అంటే విదేశీ యాత్రికులు చాలా జేఆర్ రైళ్లలో ఎన్నిసార్లయినా తిరగగలిగే పాస్ కొన్నవాళ్లకు ఈ బాధ ఉండేది కాదు. ఏడు రోజుల పాస్ 29,650 యెన్‌లకే వచ్చే రోజుల్లో టోక్యో నుంచి క్యోటోకు వెళ్లి తిరిగి రావడానికే ఆ డబ్బు ఇంచుమించు సరిపోయేది, మిగతా తిరుగుడంతా లాభమే. 2023 అక్టోబరులో ఆ పాస్ ధర ఒక్కసారిగా 50,000 యెన్‌లకు పెరిగింది. అందువల్ల అంతకుముందు రాసిన ప్రయాణ సలహాలను నమ్ముకొని నేడు టికెట్లు తీసుకోవడం మంచిది కాదు. డబ్బుకన్నా విలువైనది ఇంకొకటి మిగులుతుంది. రెండుంపావు గంటల రైలు, దానికి ముందూ వెనుకా హోటల్ ఖాళీ చేయడం, సామాను మోయడం, స్టేషన్‌లో ఎదురుచూడటం అన్నీ కలిపితే దాదాపు ఒక పూట.

దిగే గంట విషయంలో ఈసారి చాలా తర్జనభర్జన పడ్డాం. ఉదయం ఏడింటికి కన్సాయ్‌లో దిగే విమానం కూడా దొరికింది. రోజంతా మన చేతిలో ఉంటుంది కదా, అదే తీసుకుందామని మావారు అన్నారు. జపాన్ హోటళ్లలో గది సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. రాత్రంతా విమానంలో కూర్చొని వచ్చిన డెబ్బై ఏళ్ల మనుషులను, గది దొరికేదాకా ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చోబెడతాం? యువకులకు ఉదయపు విమానం వరమే కావచ్చు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య దిగేదే నా దృష్టిలో ఉత్తమం. బయటికి వచ్చేసరికి ఐదు, గదికి చేరేసరికి ఏడు, భోంచేసి పడుకుంటే మరునాడు అందరూ మనుషుల్లా ఉంటారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడి రాత్రి పది మన శరీరానికి సాయంత్రం ఆరున్నరే అయినా, ప్రయాణపు అలసట ఆ తేడాను పూడ్చేస్తుంది. అర్ధరాత్రి శంషాబాద్‌లో ఎక్కి, తెల్లవారుజామున బ్యాంకాక్‌లో మారి, మధ్యాహ్నం నాలుగు లోపు ఒసాకా చేరే విమానాలను తీసుకున్నాం.

మధ్యలో మారే చోటు కూడా ఈ నిర్ణయంలో భాగమే. బ్యాంకాక్‌కు సువర్ణభూమి, డాన్ మ్యుయాంగ్ అని రెండు విమానాశ్రయాలున్నాయి. విడివిడిగా కొన్న చౌక టికెట్లలో ఒకదాంట్లో దిగి మరోదాంట్లో ఎక్కాల్సి వస్తే, ఆ దేశంలోకి ప్రవేశించి, సామాను తీసుకొని, నగరం మీదుగా ట్రాఫిక్‌లో వెళ్లాలి. ఒకే టికెట్‌గా తీసుకుంటే సామాను చివరిదాకా తనే వెళుతుంది, మొదటి విమానం ఆలస్యమైతే తరువాతిది ఇప్పించే బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. అమ్మకు కోరిన వీల్‌చైర్ సహాయం కూడా మారే చోట తెగిపోకుండా కొనసాగింది.

కన్సాయ్ విమానాశ్రయం సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద ఉంది. ఒకటో టెర్మినల్‌ను ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించారు. 1994 సెప్టెంబరు 4న తెరిచారు. కింద ఉన్న మెత్తటి బంకమట్టి అణగడం వల్ల ఆ దీవి కట్టినప్పటి నుంచి పది మీటర్లకు పైగా కిందికి కుంగింది, ఇంకా నెమ్మదిగా కుంగుతూనే ఉంది. సరిగ్గా ఇరవై నాలుగేళ్ల తరువాత, 2018 సెప్టెంబరు 4న జెబీ తుపాను వచ్చి రన్‌వేను ముంచెత్తింది. గాలికి కొట్టుకొచ్చిన ట్యాంకర్ ఓడ ఒకటి తీరానికి కలిపే వంతెనను ఢీకొనడంతో వేలమంది ఆ రాత్రి దీవి మీదే చిక్కుకుపోయారు. తుపానుల కాలమైన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళ్లేవాళ్లు కన్సాయ్‌ని వదులుకోవాలని దీని అర్థం కాదు. తిరుగు విమానానికి ముందు రోజును మాత్రం ఖాళీగా ఉంచుకోవాలి. నవంబరులో ఆ భయం దాదాపు లేదు.

ఒకటో టెర్మినల్ పొడవు 1.7 కిలోమీటర్లు. గేటు ఏ చివర తగులుతుందో ముందుగా తెలియదు కనుక, నడవగలిగిన పెద్దవాళ్లకు కూడా వీల్‌చైర్ కోరి పెట్టుకోవాలని నా సలహా. మొదట అమ్మ ఒప్పుకోలేదు. “నడవలేనిదాన్నా నేను?” అంది. విమానం తలుపు దగ్గర ఒక జపాన్ యువతి వంగి నమస్కరించి, కుర్చీ చక్రాలకు తాళం వేసి, అమ్మ చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా రెండు చేతులతో సర్దేసరికి ఇక మాట్లాడలేదు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలను జపాన్ ప్రభుత్వపు విజిట్ జపాన్ వెబ్ సైటులో ఇంటి దగ్గరే నింపుకొని క్యూఆర్ కోడ్‌లు సిద్ధంగా ఉంచుకోవడంతో అక్కడ ఎక్కువసేపు నిలబడాల్సి రాలేదు. లిఫ్టులో రెండో అంతస్తుకు వెళ్లి, అద్దాల వంతెన దాటితే ఎదురుగానే రైల్వే స్టేషన్. ఒసాకాలోని నంబాకు వెళ్లేవాళ్లకు నన్కాయ్ వారి రైళ్లు, క్యోటోకు వెళ్లేవాళ్లకు జేఆర్ వారి హరుకా, రెండూ అక్కడే. వీధి దాటడం, బస్సు ఎక్కడం వంటి పని ఏదీ లేదు. కొన్ని చౌక విమానాలు దిగే రెండో టెర్మినల్ నుంచైతే స్టేషన్‌కు బస్సులో రావాలి. టికెట్ తీసుకునేటప్పుడు టెర్మినల్ అంకెను కూడా చూడాలని చెప్పడం అందుకే.

హరుకా రైలు మీద హలో కిట్టీ బొమ్మలు చూసి మా అమ్మాయి గంతులు వేసింది. నాన్న మాత్రం ప్రతి అరగంటకూ లేచి వెళ్లి బోగీ చివర పెట్టిన అయిదు సూట్‌కేసులనూ లెక్కపెట్టి వచ్చారు. గంటా ఇరవై నిమిషాల్లో క్యోటో స్టేషన్‌లో 30వ నంబరు ప్లాట్‌ఫారం మీద దిగాం. ఆ ప్లాట్‌ఫారం స్టేషన్‌కు పడమటి కొసన ఉంటుంది కనుక కాస్త నడక తప్పదు. అమ్మ నా చేయి పట్టుకొని నెమ్మదిగా నడుస్తూ, “ఇంతేనా అమ్మాయ్, వచ్చేశామా?” అని అడిగింది. ఏడూ పదికి గదిలో ఉన్నాం.

నాలుగు రోజుల తరువాత పెద్ద సూట్‌కేసులను హోటల్ నుంచే తక్యూబిన్ అనే సామాను చేరవేసే సేవలో టోక్యో హోటల్‌కు పంపించి, చేతిసంచులతో షింకన్‌సెన్ ఎక్కాం. మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెలకు ఆ రైళ్లలో ప్రత్యేక సీట్లు ముందుగా తీసుకోవాలన్న నియమం ఉంది, పెట్టెలు పంపించేస్తే ఆ చింతే లేదు. క్యోటో నుంచి టోక్యో వెళ్లేటప్పుడు ఫుజి పర్వతం ఎడమ చేతివైపు కనిపిస్తుంది, ఇంగ్లిష్ అక్షరం E ఉన్న వరుస సీట్లు అందుకు అనువైనవి. తిరుగు ప్రయాణంలో హనేదాలో ఎక్కాం. సాయంత్రపు విమానం కావడంతో ఆ రోజు మధ్యాహ్నం దాకా కొనుగోళ్లకు సమయం దొరికింది. మొదటిసారి మమ్మల్ని అంతగా బాధపెట్టిన విమానాశ్రయమే ఈసారి ఎంతో సౌకర్యంగా తోచింది.

అందరి ప్రయాణమూ క్యోటో, టోక్యోలే కానక్కర లేదు. హిరోషిమాను చూడాలన్నదే ముఖ్యోద్దేశమైతే ఫుకుఓకాలో దిగడం గురించి ఆలోచించవచ్చు; అక్కడి విమానాశ్రయం నుంచి మెట్రోలో రెండో స్టేషనే హకాతా, హకాతా నుంచి షింకన్‌సెన్‌లో హిరోషిమాకు గంట పైచిలుకు. తకయామా కొండ ఊళ్లకైతే నగోయా దగ్గరి సెంట్రెయిర్ విమానాశ్రయం వీలుగా ఉంటుంది.

మొన్న మా పిన్ని ఫోన్ చేసి, ఫిబ్రవరిలో సప్పోరో మంచు పండుగ చూడటానికి బాబాయితో వెళుతున్నాననీ, నరీతాకు చౌకగా టికెట్ దొరికిందనీ, కొనేయమంటావా అనీ అడిగింది. మొదటి రాత్రి ఎక్కడ ఉంటారని అడిగాను. సప్పోరోలోనే అంది. సప్పోరో ఉన్న హొక్కయిదో దీవికి వెళ్లే దేశీయ విమానాలు హనేదా నుంచి ఎన్నో ఉన్నాయి. జపాన్‌లో మొదట దిగిన చోటే సామాను తీసుకొని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి కనుక, ఆ పనికి కనీసం మూడు గంటల వ్యవధి ఉంచుకోవాలి. నరీతాలో దిగి హనేదాకు మారాలంటే బస్సులోనే గంటన్నర దాకా పోతుంది. షిన్ చితోసె విమానాశ్రయం నుంచి సప్పోరోకు రైలులో నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి, అక్కడ సాయంత్రం ఆరు లోపు దిగేలా చూసుకోమన్నాను. ఉదయం హనేదాలో దిగి మధ్యాహ్నం విమానం పట్టుకునేలా ఒకే టికెట్ మీద ఉన్నది ఒకటి దొరికింది, ఇద్దరికీ కలిపి తొమ్మిది వేల రూపాయలు ఎక్కువ. బాబాయి ఇంకా ఒప్పుకోలేదు, ఆదివారం మళ్లీ మాట్లాడుకుందామన్నారు.